పాస్‌పోర్టు నుంచి పాస్ దాకా: పారిస్ గుమ్మాల చరిత్ర

పారిస్ చూడబోయే మనవాళ్ళకి ముందుగా వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పే సలహాల్లో ఒకటి, మ్యూజియం పాస్ కొనుక్కోమని. రెండు రోజులది, నాలుగు రోజులది, ఆరు రోజులది అని మూడు రకాలుంటాయి. రోజులంటే క్యాలెండరు రోజులు కావు, గంటలు. మొదటి గుమ్మం దగ్గర పాస్ స్కాన్ చేసిన నిమిషం నుంచి 48, 96, లేదా 144 గంటలు. సోమవారం మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే రెండు రోజుల పాస్ బుధవారం మూడింటికి చెల్లిపోతుంది. ఆలోపు పారిస్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న దాదాపు యాభై మ్యూజియంలు, చారిత్రక కట్టడాల్లోకి ఒక్కోదాంట్లోకి ఒక్కోసారి వెళ్ళొచ్చు.

ఇలాంటిది చేతికొస్తే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు ముందు చేసే పని ఎక్సెల్ షీటు తెరవడం. లూవ్ర్‌కి మంగళవారం సెలవు. ఓర్సేకీ వెర్సాయ్‌కీ సోమవారం సెలవు. లూవ్ర్‌కీ సాంత్ షాపెల్‌కీ పాస్ ఉన్నా సరే, ఏ గంటకి వస్తామో ముందే బుక్ చేసుకోవాలి. ఇవన్నీ గళ్ళలో నింపి, విడి టిక్కెట్ల ధరలు కూడి, ఎన్నో గుమ్మం దాటాక పాస్ డబ్బు గిట్టుబాటవుతుందో చూసుకుంటాం. ఫుల్ మీల్స్‌కి టోకెన్ తీసుకున్నవాడు మారు వడ్డింపులు లెక్కపెట్టుకున్నట్టే ఇదీను. తప్పేం లేదు. కాకపోతే నాలుగు రోజుల పాస్‌తో తిరుగుతున్నప్పుడు ఆ లెక్కలకి అందని ప్రశ్న ఒకటి నన్ను పట్టుకుంది. ఈ జాబితాలో రాజుగారి కోట ఉంది, రాణిగారిని బంధించిన జైలుంది, వాళ్ళ వంశమంతటినీ పాతిపెట్టిన గుడి ఉంది, చివరికి ఊరి మురుగుకాలవ కూడా ఉంది. వీటన్నిటినీ ఒకే కార్డు ఎలా తెరుస్తోంది?

దీనికి పొడి జవాబొకటి ఉంది. ఇవి చాలావరకు ప్రభుత్వానివో, నగరానివో. ఎవరెవరివో అయిన ఈ కట్టడాలు ప్రభుత్వానివి ఎలా అయ్యాయన్నది మాత్రం పెద్ద కథ. ఆ కథ పొడుగునా గుమ్మం దగ్గర కాపలావాడు అడిగే మాట ఒకటి మారుతూ వస్తుంది: నువ్వెవరు?

రాజుల కాలంలో ఫ్రాన్స్‌లో గుమ్మాలన్నీ మూసి ఉండేవని అనుకుంటాం గానీ, అది పూర్తిగా నిజం కాదు. వెర్సాయ్ కోటలోకి మామూలు జనం కూడా వెళ్ళేవాళ్ళు. మగవాళ్ళకైతే షరతు ఒకటుంది: తల మీద టోపీ, నడుముకి కత్తి ఉండాలి. కత్తి లేనివాళ్ళకి గేటు దగ్గరే అద్దెకిచ్చేవాళ్ళు. అడుక్కునేవాళ్ళకి, భిక్షువులకి, ముఖాన మశూచి మచ్చలు ఇంకా మానని వాళ్ళకి ప్రవేశం లేదు. ఒక రకంగా చూస్తే ఆ అద్దె కత్తే అప్పటి పాస్. అది పెట్టుకున్నంతసేపూ నువ్వు పెద్దమనిషివి. తిరిగి ఇచ్చేశాక మళ్ళీ మామూలు మనిషివి.

బొమ్మల సంగతీ అంతే. లూవ్ర్ కోటలోని పెద్ద గదిలో రాజుగారి అకాడమీ చిత్రకారులు పెట్టే ప్రదర్శన 1737 నుంచి క్రమం తప్పకుండా జరిగేది. దానికి టిక్కెట్టు లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. 1750లో లక్సెంబర్గ్ ప్యాలెస్‌లో రాజుగారి సొంత చిత్రాలు దాదాపు వంద బయటపెట్టి, వారానికి రెండు రోజులు, రోజుకి కొన్ని గంటలు జనాన్ని రానిచ్చారు. అయితే 1779 ప్రాంతంలో ఆ ప్యాలెస్‌ని రాజు తన తమ్ముడికి ఇచ్చేయడంతో బొమ్మలు తీసేశారు, తలుపులు మూసేశారు. ఎవరూ దాన్ని అన్యాయమనడానికి లేదు. ఇల్లు ఆయనది, బొమ్మలు ఆయనవి. చూపించడం ఆయన దయ.

ఆ దయ హక్కుగా మారిన సంవత్సరాలు 1789 నుంచి 1793. 1789 నవంబరు 2న జాతీయ అసెంబ్లీ చర్చి ఆస్తులన్నిటినీ దేశానికి దఖలు పరిచింది. తర్వాత రాజు ఆస్తులు, దేశం వదిలి పారిపోయిన ప్రభువుల ఆస్తులు వచ్చి చేరాయి. 1792 ఆగస్టు 10న జనం రాజభవనం మీద దాడిచేశారు, రాజరికం కూలింది. సరిగ్గా ఏడాదికి, 1793 ఆగస్టు 10న, ఆ వార్షికోత్సవం నాడే లూవ్ర్‌ని మ్యూజియంగా తెరిచారు. మొదటి ప్రదర్శనలో ఉన్నవి 537 చిత్రాలు. ఎక్కువభాగం రాజువి, చర్చివి. ప్రవేశం ఉచితం.

ఈ తేదీ మ్యూజియంల చరిత్ర పుస్తకాలన్నిటిలోనూ ఉంటుంది. చేతిలో పాస్ ఉన్నవాళ్ళు ఇంకో రెండు తేదీలు కూడా గుర్తు పెట్టుకుంటే బాగుంటుంది.

మొదటిది 1793 ఆగస్టు 2. ఆ తెల్లవారుజామున మేరీ ఆంటోనెట్‌ని ఆమె కూతురి దగ్గర నుంచి తీసుకొచ్చి కోన్సియెర్జెరీ జైల్లో పెట్టారు. అక్టోబరు 16న గిలటిన్ దగ్గరికి తీసుకెళ్ళేదాకా ఆమె అక్కడే ఉంది. కోన్సియెర్జెరీ నుంచి లూవ్ర్‌కి నది ఒడ్డునే నడిస్తే పావుగంట. ఆమె జైల్లోకి వచ్చిన ఎనిమిదో రోజున, ఆ పావుగంట దూరంలో, ఆమె అత్తింటివాళ్ళు తరతరాలుగా కూడబెట్టిన చిత్రాల ముందు పారిస్ జనం నిలబడి చూస్తున్నారు.

రెండోది ఆగస్టు 6. ఆ రోజు మొదలుపెట్టి మూడు రోజులపాటు, నగరానికి ఉత్తరాన ఉన్న సెయింట్ డెనిస్ చర్చిలో ఫ్రెంచి రాజుల సమాధుల్ని పగలగొట్టారు. ఆగస్టు 10 ఉత్సవానికి ముందే పని పూర్తి కావాలని ప్రభుత్వం ఆగస్టు 1న ఆజ్ఞ ఇచ్చింది. అక్టోబరులో మళ్ళీ వచ్చి రాజుల శవాలను తవ్వి తీసి గోతుల్లో వేశారు. సమాధుల మీది శిల్పాలు కొన్నైనా మిగిలాయంటే అలెగ్జాండ్ర్ లెన్వార్ అనే ఆయన వాటిని తన సంరక్షణలోకి తెచ్చుకుని, 1795లో వాటితోనే ఒక మ్యూజియం పెట్టడం వల్ల. అవి 1816 తర్వాత, రాజరికం తిరిగొచ్చాక, మళ్ళీ సెయింట్ డెనిస్ చేరాయి.

జైలు, సమాధులు, మ్యూజియం. తొమ్మిది రోజుల్లో ఒకే ప్రభుత్వం చేసిన మూడు పనులు. ఇవాళ మూడూ పాస్‌లో ఉన్నాయి, మూడు చోట్లా ఒకే రకం స్కానరు, ఒకే రకం బీప్ శబ్దం. మొదటిసారి చూసేవాళ్ళు లూవ్ర్‌ని కళకోసం, కోన్సియెర్జెరీని రాణి కోసం చూస్తారు. సెయింట్ డెనిస్ దూరమని చాలామంది వదిలేస్తారు. మెట్రోలో వెళ్ళొచ్చు. ఈ మూడూ వరసగా చూస్తే, మొదటి రెండిట్లో జరిగిన హింస మూడో గుమ్మాన్ని తెరిచిన చేతులదేనని తెలుస్తుంది. మ్యూజియం అనేది విప్లవం చేసిన మంచి పని, సమాధులు పగలగొట్టడం చెడ్డ పని అని విడదీసి మార్కులు వేయడం సులువే. రెండిటి వెనకా ఉన్న మాట మాత్రం ఒకటే: ఇది ఇక రాజుది కాదు, మనది. మనదైన వస్తువుని దాచుకోవచ్చు, పగలగొట్టనూ వచ్చు. ఏది చేయాలన్న వాదన ఆ తొమ్మిది రోజుల్లో తేలలేదు.

ఇక ‘మనది’ అన్నాక ‘మనం’ ఎవరన్న ప్రశ్న వస్తుంది. కొత్త లూవ్ర్‌లో ఆ తగాదా వెంటనే మొదలైంది. విప్లవ ప్రభుత్వం వారాన్ని ఏడు రోజుల నుంచి పది రోజులకి మార్చింది. ఆ పదిలో మొదటి ఐదు రోజులు బొమ్మలు చూసి నేర్చుకునే చిత్రకారులకి, రెండు రోజులు ఊడ్చి తుడుచుకోవడానికి, చివరి మూడు రోజులు మామూలు జనానికి. అంటే దేశప్రజలందరి ఆస్తిలో దేశప్రజల వాటా పదింట మూడు రోజులు.

నెపోలియన్ కాలానికి అక్కడ ఫ్రాన్సువే కాక ఇటలీ నుంచి, ఇతర దేశాల నుంచి యుద్ధంలో గెలిచి తెచ్చినవీ చేరాయి. రోమ్ నుంచి తెచ్చిన అపోలో, లావోకోవాన్ శిల్పాలు కూడా ఇక్కడికే వచ్చాయి. 1802లో ఇంగ్లండుతో కొన్నాళ్ళు సంధి కుదరగానే ఇంగ్లీషువాళ్ళు వీటిని చూడ్డానికి గుంపులుగా పారిస్ వచ్చారు. 1815లో నెపోలియన్ ఓడాక చాలావాటిని సొంతదారులు తిరిగి పట్టుకుపోయారు.

ఆ తర్వాత కొన్ని దశాబ్దాలపాటు లూవ్ర్‌లో ఒక వింత నియమం నడిచింది. మామూలు ఫ్రెంచి జనానికి ఆదివారం మాత్రమే ప్రవేశం. మిగతా రోజులు చిత్రకారులకీ, విదేశీయులకీ. విదేశీయుడని రుజువేమిటి? పాస్‌పోర్టు. గుమ్మం దగ్గర అది చూపిస్తే చాలు, ఆదివారం గుంపు లేకుండా తీరిగ్గా బొమ్మలు చూసుకోవచ్చు. పారిస్‌లో పుట్టి పెరిగిన చెప్పులు కుట్టేవాడు ఆదివారం దాకా ఆగాలి, లండన్ నుంచి నిన్న దిగిన పెద్దమనిషి మంగళవారమే లోపలికి వెళ్ళొచ్చు. నాకు తెలిసినంతలో ఈనాటి టూరిస్టు పాస్‌కి అసలైన పూర్వీకుడు ఈ పాస్‌పోర్టే.

అయితే అందరికీ పాస్‌పోర్టు అంత సులువుగా దొరికేది కాదు. పాస్‌పోర్టుల విషయంలో విప్లవమే రెండు నాలుకల మాట మాట్లాడింది. మనుషులు స్వేచ్ఛగా తిరగాలని 1791లో వాటిని రద్దు చేసి, భయం పుట్టగానే 1792లో మళ్ళీ తెచ్చింది. అలా తిరిగొచ్చిన పాస్‌పోర్టు మన దేశస్థుడొకాయన దారికి అడ్డు తగిలింది. 1831లో ఇంగ్లండులో ఉన్న రామమోహన రాయ్ ఫ్రాన్స్ చూడాలనుకుంటే, ముందుగా అనుమతి కావాలన్నారు. ఆయన ఫ్రాన్స్ విదేశాంగ మంత్రికి ఉత్తరం రాశాడు. ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకునే ఆసియా దేశాల్లో కూడా, చైనాలో తప్ప, ఇలాంటి నిబంధన లేదని, మర్యాదకీ ఉదారతకీ పేరుపడ్డ ఫ్రాన్స్‌లో ఉండటం ఆశ్చర్యంగా ఉందని దాని సారాంశం. మానవజాతి అంతా ఒక కుటుంబమని, రాకపోకలకి అడ్డులు తొలగించడమే తెలివైన ప్రభుత్వాల పని అని వాదించాడు. మరుసటి ఏడు ఆయన పారిస్ వెళ్ళగలిగాడు. పాస్‌పోర్టు మీద మన దేశస్థులు రాసిన తొలి విమర్శల్లో దీన్ని చేర్చుకోవచ్చు. వీసా కోసం బ్యాంకు స్టేట్‌మెంట్లు ప్రింట్ తీసుకునేవాళ్ళు ఒకసారి చదవాల్సిన ఉత్తరం.

పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో నగరం తానే ఒక ప్రదర్శన అయింది. 1867 ప్రపంచ ప్రదర్శన నాటి నుంచి ఇంజనీరు బెల్‌గ్రాండ్ కట్టిన భూగర్భ మురుగుకాలవల్లో యాత్రికుల్ని బళ్ళ మీద, పడవల మీద తిప్పడం మొదలుపెట్టారు. కాలవల మ్యూజియం ఇప్పటికీ పాస్‌లో ఉంది. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు దాన్ని వదలొద్దని నా మనవి. ఒక నగరం తన మలినాన్ని ఎలా మోస్తుందో గర్వంగా చూపించే చోటు ఇంకోటి నేను చూడలేదు. నోత్ర్ దామ్ వెనక, దిక్కులేని శవాలను గుర్తుపట్టడం కోసం అద్దాల వెనక పెట్టిన మార్చురీ ఉండేది. చూడ్డానికి రోజూ జనం ఎగబడేవాళ్ళు. 1907లో ప్రజలకి మూసేశారు. అక్కడ మాత్రం నువ్వెవరని ఎవరూ అడిగేవాళ్ళు కారు. ఆ ప్రశ్న లోపల పడుకున్నవాళ్ళ గురించి.

1905లో చర్చినీ ప్రభుత్వాన్నీ వేరుచేస్తూ చట్టం వచ్చింది. పాత చర్చి భవనాలు ప్రజల ఆస్తిగానే ఉంటాయి, పూజలకి చర్చివాళ్ళు వాడుకుంటారు, చూడవచ్చేవాళ్ళ దగ్గర రుసుము తీసుకోకూడదు. అందుకే నోత్ర్ దామ్‌లోకి వెళ్ళడానికి పాస్ అవసరం లేదు. గోపురం ఎక్కాలంటేనే టిక్కెట్టు. లూవ్ర్ దీనికి ఎదురు దిశలో వెళ్ళింది. 1793 నుంచి దాదాపు 130 ఏళ్ళు ఉచితంగా నడిచి, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత, 1922లో, టిక్కెట్టు పెట్టింది. ఆ రోజుతో గుమ్మం దగ్గర ప్రశ్న మారింది. నువ్వెవరు అన్నది పోయి, నీ దగ్గర ఎంతుంది అన్నది వచ్చింది. ఇది దిగజారడమని అనిపించొచ్చు. నాకు అలా అనిపించదు. డబ్బు అడిగే గుమ్మం కనీసం కత్తి పెట్టుకు రమ్మనదు, మశూచి మచ్చలు వెతకదు.

ఇదంతా మనకి తెలియని సంగతేం కాదు. పారిస్ లూవ్ర్‌లో విదేశీయులు పాస్‌పోర్టు చూపిస్తున్న రోజుల్లోనే, పూరీ జగన్నాథుడి దగ్గర ఈస్టిండియా కంపెనీ యాత్రికుల పన్ను వసూలు చేస్తుండేది. 1806లో మొదలై 1840లో రద్దయిన ఈ పన్నులో యాత్రికులకి తరగతులున్నాయి. ‘లాల్ జాత్రి’ అనే మొదటి తరగతివాళ్ళు ఉత్తరం నుంచి వస్తే పది రూపాయలు, దక్షిణం నుంచి, అంటే మన వైపు నుంచి, వస్తే ఆరు రూపాయలు. డబ్బు కట్టినవాళ్ళకి పాస్, దాని మీద గడువు. పై తరగతికి ముప్పై రోజులు, కింది తరగతులకి అంతకంటే తక్కువ. అంటే రోజుల లెక్కన పాస్, ఎటునుంచి వచ్చావన్నదాన్ని బట్టి ధర, రెండూ అప్పటికే ఉన్నాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో కాశీయాత్ర చేసింది ఈ పన్నుల కాలంలోనే. తిరుమలలో మూడొందల రూపాయల క్యూలో నిలబడ్డవాళ్ళకి ఇందులో కొత్తగా వివరించాల్సింది లేదు.

పాస్‌ని ఎలా వాడుకోవాలని ఎవరైనా అడిగితే నేను ధరల లెక్క పక్కన పెట్టి సాంత్ షాపెల్ నుంచి మొదలుపెట్టమంటాను. తొమ్మిదో లూయీ రాజు క్రీస్తు ముళ్ళకిరీటాన్ని 1,35,000 లీవ్రులకి కొని, దాన్ని ఉంచడానికి 40,000 లీవ్రులతో ఈ గుడి కట్టించాడు. 1248లో పూర్తయింది. ఇది రెండంతస్తుల గుడి. కింది అంతస్తు కోటలో పనివాళ్ళకి. పై అంతస్తు రాజుకి, ఆయన తన భవనం నుంచి నేరుగా పైకే వచ్చేవాడు. మనం ఇప్పుడు కింద, పనివాళ్ళ గుళ్ళోకి ప్రవేశిస్తాం. పైకప్పు తక్కువ ఎత్తు, వెలుతురు తక్కువ. మూల నుంచి ఇరుకు మెట్లు తిరుగుతూ ఎక్కితే, ఒక్కసారిగా పదిహేను కిటికీల రంగుటద్దాలు, వాటిలో వెయ్యికి పైగా కథాఘట్టాలు. గైడ్లు అద్దాల గురించి చెప్తారు. నాకు ఆ మెట్లు ముఖ్యమనిపించాయి. కింది గుడిలో మొక్కుకున్న వంటవాడికి ఆ మెట్లెక్కే అధికారం లేదు. ఇవాళ అందరం ఎక్కుతున్నాం. రాజు వచ్చిన దారిలో ఎవరూ రావడం లేదు. విప్లవం ఏం మార్చిందో చెప్పడానికి ఇంతకంటే నమూనా దొరకదు.

అక్కణ్ణుంచి పక్కనే ఉన్న కోన్సియెర్జెరీకి, ఆ తర్వాత నది ఒడ్డున లూవ్ర్‌కి, మర్నాడు సెయింట్ డెనిస్‌కి. ఓపికుంటే పాంథియాన్ కూడా. రాజు గుడిగా కట్టించిన దాన్ని విప్లవం 1791లో మహనీయుల సమాధిమందిరం చేసింది. తర్వాత రెండుసార్లు మళ్ళీ గుడై, 1885లో విక్టర్ హ్యూగోని అక్కడ ఉంచడంతో ఆ తగాదా ముగిసింది. సొంత ప్రతిభకు గుర్తింపుగా ఒక స్త్రీకి అందులో చోటు దొరికింది 1995లో, మేరీ క్యూరీకి. ఎవర్ని రానివ్వాలన్న ప్రశ్న చచ్చిపోయాక కూడా వదలదన్నమాట.

ఇప్పుడు ఆ ప్రశ్న గుమ్మం దగ్గరికి తిరిగొచ్చింది. 2009 నుంచే యూరోపియన్ యూనియన్‌లో నివసించే 26 ఏళ్ళ లోపువాళ్ళకి ఫ్రాన్స్ జాతీయ మ్యూజియంలలో ప్రవేశం ఉచితం. 2026 జనవరి నుంచి లూవ్ర్ టిక్కెట్టుకి రెండు ధరలయ్యాయి. యూరోపియన్ ఎకనామిక్ ఏరియా వాళ్ళకి 22 యూరోలు, మిగతా ప్రపంచానికి 32. భవనం పాతబడింది, మరమ్మతులకి డబ్బు కావాలి, ఫ్రెంచి పన్నుదారు ఎలాగూ కడుతూనే ఉన్నాడు కాబట్టి బయటివాళ్ళు కొంచెం ఎక్కువ ఇవ్వాలన్నది వాళ్ళ వాదన. రెండు వందల ఏళ్ళ కింద పాస్‌పోర్టు చూపించిన విదేశీయుడికి దారి వదిలిన గుమ్మమే, ఇవాళ పాస్‌పోర్టు చూసి పది యూరోలు ఎక్కువ అడుగుతోంది.

దీని మీద మనం కోప్పడబోయే ముందు గోల్కొండ కోట టిక్కెట్టు కౌంటరు పైన ఉండే బోర్డు గుర్తు తెచ్చుకోవాలి. మనకి 25 రూపాయలు, విదేశీయులకి 300. తాజ్‌మహల్‌కైతే మనకి 50, వాళ్ళకి 1100. పన్నెండు రెట్లు, ఇరవై రెండు రెట్లు. అక్కడ మన పక్కనుంచి వెళ్ళి వేరే కౌంటరు దగ్గర నిలబడే తెల్లవాళ్ళని చూసి మనకెప్పుడూ బాధ కలగలేదు. కట్టడం మనది, మన పన్నులతో నిలబడింది, మనకి తక్కువ ఉండాలి అనే అనుకున్నాం. ఇవాళ లూవ్ర్ అదే మాట అంటోంది. తేడా అల్లా లూవ్ర్ తనని తాను మొత్తం మానవజాతి మ్యూజియం అని చెప్పుకోవడం. మెసొపొటేమియా ఎడ్లు, ఈజిప్టు శిల్పాలు, ఇటలీ చిత్రాలు లోపల పెట్టుకుని, ఈజిప్టు నుంచి వచ్చినవాడి దగ్గర పది యూరోలు ఎక్కువ తీసుకుంటుంటే ఆ మాట కొంచెం మెత్తబడక తప్పదు. గోల్కొండ ఎప్పుడూ ప్రపంచమంతా నాది అనలేదు.

కాబట్టి పాస్‌ని నేను తగ్గింపు ధర పథకంగా చూడటం మానేశాను. టోపీ, కత్తి, ఆదివారం, పాస్‌పోర్టు, యూరో, ఇవన్నీ దాటి వచ్చాక ఒక గుమ్మం మన గురించి ఏమీ అడక్కుండా, ఎన్ని గంటలు ఉంటావు అని మాత్రమే అడగడం చరిత్రలో చాలా అరుదుగా జరిగింది. అలా జరిగిన కొద్దికాలంలో మనం అక్కడికి వెళ్ళగలుగుతున్నాం. అది ఎల్లకాలం అలాగే ఉంటుందన్న పూచీ ఎవరూ ఇవ్వలేదు. 1779లో లక్సెంబర్గ్ ప్యాలెస్ తలుపులు మూసినప్పుడు కూడా, అంతకు ముందు వారం దాకా వాటిలోంచి వెళ్ళొచ్చినవాళ్ళు అవి తెరిచే ఉంటాయనుకుని ఉంటారు.